గేరు నేనే వేశాను

"గేరు వెయ్యవే."

"నువ్వు ముందు క్లచ్ తొక్కవయ్యా."

"తొక్కే ఉన్నానే."

"ఏం తొక్కావు! కాలు కారులో పెట్టుకున్నావా, ఇంటి దగ్గర మర్చిపోయొచ్చావా?"

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. చివరి మాట నాది. నవ్వుతూ అన్నాను. ముసునూరు రోడ్డులో కాలవ వంతెన ఎక్కబోతుంటే కారు ఆగింది. వెనక సీటు నిండా మామిడి పెట్టెలు. పొద్దున్న తొమ్మిది కూడా కాలేదు. ఆయన నా మాటకు నవ్వలేదు. తల వంచి తన కాలి వైపు చూసుకున్నాడు. నిజంగానే కాలు ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు చూశాడు. వంచిన తల మళ్ళీ ఎత్తలేదు. నుదురు స్టీరింగ్ మీద ఆనింది. హారన్ మోగడం మొదలుపెట్టింది, ఆగలేదు.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. విజయవాడ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఒక మాట అన్నారు. "ముందే తీసుకొచ్చుంటే..." అని, పూర్తి చేయకుండా ఆగిపోయారు. అందుకే ఇది రాయిస్తున్నాను. ముందే అంటే ఎప్పుడు? ఏ రోజు నాకు తెలిసి ఉండాల్సింది? ఆ ఒక్క రోజు నాకు కావాలి. నోటితో చెప్పుకుంటూ ఉంటే రోజులన్నీ కలిసిపోతున్నాయి. కాగితం మీద వరసగా పెడితే దొరుకుతుందేమోనని చూస్తున్నాను.

మా ఆయన డ్రైవరు. పెళ్ళినాటికే లారీ మీద ఉన్నాడు. తర్వాత రైసు మిల్లు బండి, ఆ తర్వాత ఎవరిదో టాక్సీ, చివరికి సొంతంగా ఒక పాత తెల్ల కారు. ఊళ్ళో కాన్పులకూ పెళ్ళిచూపులకూ ఆ కారే వెళ్ళేది. మామిడి సీజనులో మాత్రం మా ఇద్దరికీ అదే పని. నేను తోటల్లో కాయ పనికి వెళ్తాను. కోసిన కాయను సొన కారిపోయేదాకా బోర్లించి పెట్టడం, తుడవడం, పెద్దవీ చిన్నవీ ఏరడం, పెట్టెలో వరిగడ్డి పరిచి సర్దడం. తోటల వాళ్ళు చుట్టాలకు పంపుకునే పెట్టెలు కారులో వేసుకుని ఇద్దరం హనుమాన్ జంక్షన్ వెళ్ళి బస్సులకు ఎక్కించేవాళ్ళం. ఆయన తోలేవాడు. నేను ఎడమ పక్క సీటులో కూర్చునేదాన్ని. మధ్యలో గేరు రాడ్డు.

బండిలో ఏం జరుగుతోందో ఆయన చెవితోనే పట్టేసేవాడు. ఎవరి ఆటో ఎక్కినా, "తమ్ముడూ, ముందు చక్రం బేరింగు చూపించుకో, పోతోంది" అనేవాడు. వారంలో అది పోయేది. ఇన్నేళ్ళు ఆయన పక్కన కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. టైరులో గాలి తగ్గితే నాకు తెలిసేది. మనిషిలో తేడా వస్తే ఎలా వినాలో మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

కోత మొదలై మూడో వారం అయుంటుంది. బంగినపల్లి తోటలోంచి కారు వెనక్కి తీస్తుంటే కిందనుంచి కరకరమంది.

"ఏంటయ్యా ఆ చప్పుడు?"

"రివర్సు పడటం లేదే. కొరుకుతోంది."

మళ్ళీ తొక్కి, మళ్ళీ వేశాడు. మూడోసారికి పడింది. మర్నాడు మొదటి గేరు కూడా అంతే. ఆగి ఉన్న బండి కదలాలంటే రాడ్డుతో కుస్తీ పట్టాల్సి వచ్చింది. ఆ సాయంత్రం వాకిట్లో కారు పెట్టి నన్ను పిలిచాడు. పిల్లలు లేని ఇల్లు మాది. ఆయనకు ఏ సంగతి తెలిసినా చెప్పుకోవడానికి నేనొక్కదాన్నే.

"ఇటు కూర్చో. చూడు. ఇంజన్ ఆపేశాను. ఇప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు. పడుతున్నాయా?"

"పడుతున్నాయి."

"ఇప్పుడు ఇంజన్ ఆన్ చేస్తున్నా. ఇదిగో, ఒకటి. విన్నావా? పడదు. అంటే ఏంటి?"

"నాకేం తెలుసయ్యా, నువ్వే చెప్పు."

"గేర్‌బాక్సు మంచిదే. అది పాడైతే ఇంజన్ ఆపినా పడదు. ఇంజనుకీ గేర్లకీ మధ్య ఒక పట్టు ఉంటుందే. క్లచ్ తొక్కితే ఆ పట్టు వదలాలి. ఇక్కడ సగమే వదులుతోంది. గిర్రున తిరిగే దాంట్లోకి పళ్ళు దూరమంటే ఎలా దూరతాయి? క్లచ్ పూర్తిగా దిగటం లేదు. అదీ సంగతి."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. క్లచ్ పూర్తిగా దిగటం లేదు. రోగం పేరు ఆ సాయంత్రమే వాకిట్లో ఆయనే చెప్పాడు. నేను తల ఊపి లోపలికెళ్ళి అన్నం వడ్డించాను.

నూజివీడు రోడ్డులో మాకు తెలిసిన మెకానిక్కు షెడ్డు ఉంది. ఏ చుట్టరికం లేకపోయినా మా ఆయన్ని బావా అనీ, నన్ను అక్కా అనీ పిలుస్తాడు. అతను కారు కింద దూరి చూసి, "కేబుల్ సాగిపోయింది బావా, అందుకే పెడల్ లూజుగా ఉంది" అని బిగించాడు. బాగైంది. నాలుగు రోజులు గేర్లు బాగానే పడ్డాయి. అయిదో రోజు మళ్ళీ కరకర.

ఈసారి గేరు ఆయిల్ మార్చారు. నల్లగా, తారులా కారింది పాతది. దాన్ని చూసి ముగ్గురం అమ్మయ్య, ఇదే అనుకున్నాం. కొత్త ఆయిల్ పోసినా ఏమీ తేడా రాలేదు.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. కాయ సొన కారి కారులో కింద రేకు పాడైపోతోందని, ఆయన కాళ్ళకు కూడా అంటి పుళ్ళు పడుతున్నాయని, నేను సీజను మొదట్లోనే ఒక గోనెసంచి నాలుగు మడతలు వేసి పెడళ్ళ కింద పరిచాను. ఒక పొద్దున్న ఆయన వంగి చూసి దాన్ని బయటికి లాగాడు.

"ఇదేంటే? ఇదెవరు పెట్టారు?"

"నేనే. సొన అంటుతోందని..."

"సొన కాదు నీ బొంద! ఇంత మందం గోనె కింద పెడితే క్లచ్ కిందదాకా ఎలా దిగుతుందే? నలభై ఏళ్ళ డ్రైవరుని గోనెసంచితో కొట్టావు కదే!"

అని నవ్వాడు. నేనూ సిగ్గుపడుతూ నవ్వాను. గోనె తీసేశాక నిజంగానే కొంచెం మేలైంది. రెండు రోజులు నన్ను చూసినప్పుడల్లా, "దొంగ దొరికింది" అనేవాడు. తోటలో అందరికీ చెప్పాడు. మూడో రోజు మళ్ళీ గేరు కొరికింది. అప్పుడిక నవ్వలేదు.

చేసిన ప్రతి మరమ్మతూ కొంచెం కొంచెం పనిచేసింది. అదే మమ్మల్ని ముంచింది. కేబుల్ బిగిస్తే పెడల్ కొంచెం తొక్కినా చాలేది. గోనె తీస్తే ఇంకాస్త చోటు దొరికేది. దేనివల్లా బాగుపడకపోయుంటే ఇంకోవైపు చూసేవాళ్ళమేమో. ప్రతిసారీ రెండు మూడు రోజులు బాగుండేది. బాగున్న రోజుల్లో ఎవరూ ఏమీ ఆలోచించరు.

ఆఖరికి క్లచ్ ప్లేటు మార్చాలన్నారు. గేర్‌బాక్సు మొత్తం కిందికి దించాలి. రోజంతా షెడ్డులోనే కూర్చున్నాం. మెకానిక్కు పాత ప్లేటు తీసి చూపించాడు.

"ఇంకో సీజను వచ్చేది బావా ఇది. అంత అరగలేదు."

"మార్చేయరా. నా వల్ల కావటం లేదు."

సాయంత్రానికి బిగించి, మెకానిక్కు తానే తోలి చూపించాడు. మా ఆయన పక్కన, నేను వెనక. జంక్షన్ వైపు రెండు మైళ్ళు వెళ్ళి వచ్చాం. గేర్లు చప్పుడు లేకుండా పడ్డాయి. షెడ్డుకి తిరిగొచ్చాక మా ఆయన తోలబోయాడు. మొదటి గేరుకే కరకర.

మెకానిక్కు వంగి, మా ఆయన కాళ్ళ దగ్గరికి చూశాడు.

"బావా, నీ కాలు సగంలో ఆగిపోతోంది. నేను తొక్కితే నేలకి అంటుతోంది. సీటు ముందుకు జరుపుకో."

"నువ్వు పుట్టకముందు నుంచి తొక్కుతున్నానురా క్లచ్. నాకు సీటు నేర్పుతావా?"

"వయసైపోయింది బావా, ఒప్పుకో. ఇంక అక్క చేత తోలించు, నువ్వు పక్కన కూర్చుని కాయలు తుడువు."

ముగ్గురం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆయన సీటు ముందుకు జరుపుకున్నాడు. గేరు పడింది. ఉన్న నిజమంతా ఆ షెడ్డులో అతను అనేశాడు. మేం దాన్ని వేళాకోళం చేసి ఇంటికి వచ్చేశాం.

ఆ ఆదివారం మా సంఘంలో ప్రార్థన అయ్యాక పెద్దావిడని అడిగి చిన్న సీసాలో ప్రార్థన నూనె తెచ్చాను. కారు తలుపు తీసి గేరు రాడ్డు తలకు ఆ నూనె రాసి, చెయ్యి దానిమీదే పెట్టి కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, ఈ బండి మా అన్నం. దీన్ని బాగుచెయ్యి" అన్నాను. ఆయన అప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని. తలనొప్పి అంటున్నాడు నాలుగు రోజులుగా. ఎండ అనుకున్నాం. సీసాలో ఇంకా నూనె ఉంది. ఇనుప రాడ్డుకు రాశాను, ఆ తలకు రాయలేదు. అంత దగ్గర్లో కూర్చున్నాడు.

చెప్పు సంగతి కూడా రాయి అమ్మాయ్. ఆ రోజుల్లో ఆయన ఎడమ చెప్పు జారిపోతూ ఉండేది. నడుస్తూ నడుస్తూ చెప్పు వెనకే ఉండిపోయేది, ఆయన ముందుకు వెళ్ళిపోయేవాడు. నేనే ఏరుకుని వెళ్ళి ఇచ్చేదాన్ని. "కాలికి చెప్పుందో లేదో కూడా తెలియదా నీకు?" అని తిట్టేదాన్ని. చెప్పు వారు లూజైందని చెప్పులు కుట్టేవాడికి చూపించి మేకు కొట్టించాను. కారుకి క్లచ్ ప్లేటు, చెప్పుకి మేకు. ఇద్దరం కలిసి అన్నీ బాగుచేయించాం.

ఇక గేరు నేను వేయడం మొదలుపెట్టిన రోజు. తోట గేటు దగ్గర కారు ఆగింది. వెనక ట్రాక్టరు వాడు హారన్ కొడుతున్నాడు. ఆయన రాడ్డు పట్టుకుని తోస్తున్నాడు, పడటం లేదు. చెమటలు కారుతున్నాయి.

"నా చెయ్యి మీద నీ చెయ్యి వేసి తొయ్యవే."

వేసి తోశాను. పడింది. ఆ రోజంతా అలాగే వెళ్ళాం, ఆయన చేతి మీద నా చెయ్యి. మర్నాడు ఆయన చెయ్యి తీసేశాడు. "నువ్వే వెయ్యి. నేను తొక్కుతా, నువ్వు వెయ్యి" అన్నాడు.

నేర్చుకున్నాను. పైకి తోస్తే ఒకటి, కిందికి లాగితే రెండు. మధ్యలోకి తెచ్చి పైకి తోస్తే మూడు, కిందికి లాగితే నాలుగు. ఆయన అంకె చెప్పేవాడు, నేను వేసేదాన్ని. మొదట్లో తప్పు పడి బండి ఎగిరేది. రెండు రోజులయ్యాక ఆయన చెప్పక్కర్లేకపోయింది. ఇంజన్ గొంతు మారగానే నాకే తెలిసేది. ఆయన కాలు కదలడం చూసి, దిగేదాకా ఆగి, వేసేదాన్ని. ఒక్కోసారి ఆయన కుడి చేత్తో ఎడమ మోకాలిని కిందికి నొక్కేవాడు. మోకాళ్ళ నొప్పి అనుకుని రోజూ సాయంత్రం బామ్ రాసేదాన్ని. ఆ ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. హాయిగా పెట్టుకున్నాడనుకున్నాను. ఇన్నేళ్ళు కష్టపడిన చెయ్యి, కాస్త ఊరుకోనీ అనుకున్నాను.

తోట కాపలాదారు మమ్మల్ని చూసి ఒకటే నవ్వు.

"ఏంటి వదినా, అన్నయ్య తొక్కుతుంటే నువ్వు గేరేస్తున్నావా? ఇద్దరు డ్రైవర్లకీ ఒకే లైసెన్సా?"

"లైసెన్సు ఆయనది, బండి నాది. నీకేంటి బాధ?"

గర్వంగా ఉండేది నాకు. ఉన్నది దాచడమెందుకు? పన్నెండు రోజులు నేను గేరు వేశాను. మా కాపురంలో అంత సంతోషంగా కారులో కూర్చున్న రోజులు లేవు. ఇద్దరం కలిసి ఒక బండి తోలుతున్నాం అనుకున్నాను. పన్నెండు రోజులు ఆయన ఎడమ చెయ్యి పోయిన సంగతి నా కుడి చేత్తో నేనే దాచిపెట్టాను. నేను వేయకపోయుంటే ఆయన తోలలేకపోయేవాడు. తోలలేకపోతే ఇంట్లో కూర్చునేవాడు. ఇంట్లో కూర్చుంటే, ఇదేంటి ఈ మనిషికి అని ఎవరో ఒకరు అనేవాళ్ళు.

ఆ రోజు కాలవ వంతెన దగ్గర జరిగింది మొదటే చెప్పాను. హారన్ మోగుతూనే ఉంది. నేను ఆయన భుజం పట్టుకుని లాగాను. "ఏమయ్యో, ఏమయ్యో" అంటున్నాను. బరువుగా నా మీదికి ఒరిగాడు. అప్పుడు కనపడింది ఆయన ఎడమ కాలు. క్లచ్ మీద లేదు. పెడల్‌కి జానెడు దూరంలో, నేల మీద, పక్కకి తిరిగి పడి ఉంది. తొక్కే ఉన్నానే అన్నాడు. అబద్ధం ఆడలేదు ఆయన. తొక్కాననే అనుకున్నాడు.

వెనక కాయ కొనే వ్యాపారి కారు వస్తోంది. ఆ డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. ముఖం తెలుసు గానీ మాట్లాడిన మనిషి కాదు. మామిడి పెట్టెలు రోడ్డు పక్కన దించేసి, మా ఆయన్ని వెనక సీటులో పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టాడు. వాళ్ళ బండి ఇంకొకరికి అప్పగించి, తాను మా కారే ఎక్కాడు.

"అయ్యా, గేరు పడదయ్యా దానికి. గట్టిగా తోయాలి. నేను ముందుకొచ్చి వేస్తాను" అన్నాను. ఆ కంగారులో కూడా అదే అన్నాను.

అతను తాళం తిప్పాడు. మొదటి గేరు వేశాడు. చప్పుడు లేదు. రెండు. మూడు. నాలుగు. వెన్నలో వేలు పెట్టినట్టు దిగిపోతున్నాయి. నేను వెనక కూర్చుని వింటున్నాను. ఎక్కడో ఒకచోట కొరుకుతుందని చెవులు రిక్కించి వింటున్నాను. కొరకమ్మా, ఒక్కసారి కొరకమ్మా అనుకుంటున్నాను. మలుపు దగ్గర రెండుకు తెచ్చాడు, మళ్ళీ మూడు. ఏమీ లేదు.

"గేర్లు బానే పడుతున్నాయి కదమ్మా" అన్నాడు అతను, అద్దంలో నన్ను చూస్తూ.

ఎవరో నా నెత్తిన చల్లటి నీళ్ళు గుమ్మరించినట్టు కూర్చున్నాను. ఆయన తల నా ఒళ్ళో వెచ్చగా ఉంది. ఆరు వారాలుగా మేం బాగుచేయించింది అసలు పాడవనే లేదు.

నూజివీడులో చూసి వెంటనే విజయవాడ తీసుకెళ్ళమన్నారు. ఆ డ్రైవరే తీసుకెళ్ళాడు. అతను బాగుండాలి. విజయవాడలో తలకి ఫోటో తీశారు. పెద్ద డాక్టరు ఆ నల్లటి ఫిల్మును వెలుగుకి పెట్టి నన్ను కూర్చోమన్నారు.

"పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరిందమ్మా. కుడి వైపు. ఇది ఇవాళ చేరింది కాదు, చాలావరకు వారాల నాటిది. కొద్దికొద్దిగా కారుతూ ఇవాళ ఎక్కువైంది. తలకి దెబ్బేమైనా తగిలిందా, ఈ రెండు నెలల్లో?"

"లేదండీ."

"ఎడమ కాలు ఈడ్చేవారా? చెప్పు జారేదా? ఎడమ చేతిలోంచి వస్తువులు పడేసేవారా?"

"ఏమోనండీ. ఆయన బాగానే ఉన్నాడండీ. బండి తోలుతూనే ఉన్నాడు. ఒక్క గేరే గట్టిగా ఉందండీ, కారుకి. పడేది కాదు."

డాక్టరు నా వైపు చూశారు. ఆయనకూ కారు ఉండి ఉంటుంది. కూర్చున్న కుర్చీలోనే ఎడమ కాలు నేలకేసి నొక్కారు. ఎడమ చెయ్యి ముందుకు తోశారు. అక్కడే ఆగిపోయారు. ఆ కాలూ ఆ చెయ్యీ అలాగే ఉంచి, నన్ను చూశారు. నేను డాక్టరు కాలు చూశాను, చెయ్యి చూశాను. క్లచ్ ఎడమ కాలు. గేరు ఎడమ చెయ్యి. ఇన్నేళ్ళు ఆ పక్కనే కూర్చున్నాను. రెండూ ఒకే వైపు అని నాకు ఆ క్షణం దాకా తోచలేదు.

"గేరు కాదమ్మా" అన్నారు డాక్టరు. "ముందే తీసుకొచ్చుంటే..."

ఆపరేషన్ చేస్తామని లోపలికి తీసుకెళ్ళారు. వరండాలో బల్ల మీద కూర్చున్నాక గుర్తొచ్చింది దెబ్బ. వరసలో పెట్టాలంటే ఇది అన్నిటికంటే ముందు రావాలి. కానీ నాకు గుర్తొచ్చింది అక్కడే, నువ్వు ఇక్కడే రాయి. కోత మొదలైన రోజుల్లో, చెట్టు కింద నిలబడి ఆయన కాయలు అందుకుంటున్నాడు. పైనుంచి చిక్కం జారింది. చిక్కం అంటే కాయ కోసే పొడుగాటి కర్ర, చివర వల ఉంటుంది. కర్ర మొదలు వచ్చి తల మీద టప్పున తగిలింది. రక్తం లేదు. చిన్న బొప్పి. నేను కొంగు ఉండ చేసి నోటితో ఊది అద్దాను. "మామిడికాయ అనుకుని నీ తల కోశారయ్యా" అన్నాను. మర్నాటికి బొప్పి తగ్గింది. దాన్ని నేను దెబ్బ అని ఎన్నడూ అనుకోలేదు. అందుకే డాక్టరు అడిగితే లేదండీ అన్నాను.

లేచి పరిగెత్తాను, తలుపు దగ్గర నర్సుకి చెప్పాను: "తగిలిందండీ, దెబ్బ తగిలిందండీ, నేను లేదన్నాను, తగిలింది." ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఫిల్ములోనే తెలిసిందమ్మా, కూర్చోండి" అంది.

మూడో రోజు పోయాడు. కళ్ళు తెరవలేదు.

సమాధి చేసి వచ్చాక మెకానిక్కు ఇంటికి వచ్చాడు. కారు వాకిట్లో ఉంది. పలకరించడానికి వచ్చినవాడు నా దగ్గరికి రాకుండా ముందు కారు దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి, డ్రైవరు సీటులో కూర్చున్నాడు. క్లచ్ తొక్కాడు. వదిలాడు. మళ్ళీ తొక్కాడు. అలా ఎన్నిసార్లో. తర్వాత స్టీరింగ్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"బావ మొదటి రోజే చెప్పాడక్కా, క్లచ్ పూర్తిగా దిగటం లేదురా అని. నిజమే చెప్పాడు. నేను పెడల్ కిందికి చూశానక్కా. పెడల్ మీదికి చూడలేదు."

"చూశావుగా తమ్ముడూ. సగంలో ఆగిపోతోంది అన్నావుగా."

ఆ మాట అనకూడదనుకున్నాను, వచ్చేసింది. అతను నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. నిందించాలని అనలేదు. అతను అన్నాడు, నేను విన్నాను, మా ఆయన విన్నాడు. ముగ్గురిలో ఎవరికి ఎంత వాటా అని నేను చూడటం లేదు. నాకు కావాల్సింది ఆ రోజు.

ఒక్కోసారి గోనె లాగేసిన రోజు అనుకుంటాను. గోనె తీసినా బాగవలేదంటే కాలే కదా. ఒక్కోసారి చెప్పుకి మేకు కొట్టించిన రోజు అనుకుంటాను. ఒక్కోసారి షెడ్డులో నవ్విన రోజు. ఆ రోజయితే ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి, వేళ్ళ మీద లెక్కపెట్టాను. గేరు మొదటిసారి వేసిన రోజు అయితే పన్నెండే. ఎక్కువ రోజులు మిగిలిన చోట మనసు ఆగుతుంది, అంత తొందరగా నాకెలా తెలుస్తుందిలే అని మళ్ళీ ముందుకు జరుగుతుంది. ఆఖరి రోజుదాకా జరుగుతుంది. అక్కడ ఇంక చోటు లేదు. మళ్ళీ మొదటికి వస్తాను. నాకు జరిగిందంతా తెలుసు గనక ప్రతి రోజూ అదే అనిపిస్తోంది. తెలియని మనిషి చూడాలి.

అమ్మాయ్, రాయడం ఆపు. ఇప్పుడు మొదటి నుంచి చదువు. గేరు మొదటిసారి కొరికిన దగ్గర నుంచి నెమ్మదిగా చదువు. ఆయన నీకు పెదనాన్న అని మర్చిపో, ఏం జరిగిందో కూడా మర్చిపో. ఎవరో ముక్కూ మొహం తెలియని ఇద్దరు మొగుడూ పెళ్ళాల సంగతి అనుకుని చదువు. చదువుతూ చదువుతూ, ఇది కారు కాదు మనిషి అని నీకు ఎక్కడ అనిపిస్తే అక్కడ ఆగిపో. ఏమీ చెప్పకు. నా మీద జాలిపడి ఇంకొంచెం ముందుకు వెళ్ళకు. ఆగిపో, అంతే.

ఊఁ. చదువమ్మా.